మృగశిర కార్తెలో మృగశిర ఎందుకు కనిపించదు?

జూన్ 8 అటూ ఇటూగా మృగశిర కార్తె మొదలవుతుంది. ఆ రోజు తెలంగాణలో చేపల మార్కెట్లు కిటకిటలాడతాయి. రైతులు వాన కోసం మబ్బుల వైపు చూస్తుంటారు. మృగశిర చుక్కలు మాత్రం ఆ రాత్రి ఎంత వెతికినా దొరకవు.

కారణం కార్తె లెక్కలోనే ఉంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, సూర్యుడే చుక్కల మధ్య మెల్లగా జరుగుతున్నట్టు మనకు అనిపిస్తుంది. ఏడాది పొడవునా సూర్యుడు నడిచే ఆ దారి పేరు క్రాంతివృత్తం. మనవాళ్లు దాన్ని 27 సమభాగాలు చేసి, ఒక్కోదానికి దగ్గర్లోని చుక్కల పేరు పెట్టారు. సూర్యుడు ఒక్కో భాగంలో ఉండే 13, 14 రోజులే ఒక కార్తె. మృగశిర కార్తెలో సూర్యుడు ఆ చుక్కల దిక్కునే ఉంటాడు కాబట్టి అవి పగలే ఉదయించి, పగలే అస్తమిస్తాయి. ఆరు నెలలకు భూమి అవతలి వైపు చేరుతుంది. డిసెంబరులో అవే చుక్కలు పొద్దుగూకగానే తూర్పున పొడిచి, తెల్లవార్లూ కనిపిస్తాయి.

భాగాలు 27 కావడానికి కారణం చంద్రుడు. చుక్కల మధ్య ఒక చుట్టు తిరిగి రావడానికి ఆయనకు సుమారు 27.3 రోజులు పడుతుంది. అంటే రోజుకు 13 డిగ్రీల చొప్పున తూర్పుకు జరుగుతాడు. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో దాదాపు 10 డిగ్రీల మేర కప్పుతుంది. చంద్రుడు రోజుకు జరిగేది దానికన్నా కాస్త ఎక్కువ. ఇవాళ రోహిణి దగ్గరున్న చంద్రుడు రేపు మృగశిర దగ్గర, ఎల్లుండి ఆరుద్ర దగ్గర ఉంటాడు. పంచాంగంలో రోజూ రాసే నక్షత్రం ఇదే. పున్నమి చంద్రుడు మృగశిర పరిసరాల్లో ఉండే నెల మార్గశిరం, కృత్తిక పరిసరాల్లో ఉండే నెల కార్తికం.

సంక్రాంతి రోజుల్లో రాత్రి 8 గంటలకు తూర్పు ముఖంగా నిలబడితే వీటన్నిటినీ ఒకేసారి చూడొచ్చు. ముందుగా ఒకే వరుసలో ఉన్న మూడు చుక్కలు కంటపడతాయి. అవి ఒరియన్ మండలం నడుము. వాటికి ఎడమవైపు ఎర్రటి చుక్క ఆరుద్ర, కుడివైపు నీలి తెలుపు చుక్క రిగెల్. ఆరుద్రకు కాస్త పైన మసక చుక్కల చిన్న గుంపే మృగశిర. నడుము గీతను పైకి పొడిగిస్తే రోహిణి, ఇంకా పైన, దాదాపు నడినెత్తిన, కృత్తిక వస్తాయి. పల్లెల్లో పిల్లలకోడి అనేది ఈ కృత్తికనే. అదే గీతను కిందికి పొడిగిస్తే రాత్రి ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్ కనిపిస్తుంది.

చుక్కల రంగు వాటి వేడిని చెబుతుంది. కొలిమిలో ఇనుము మొదట ఎర్రబడి, వేడి పెరిగేకొద్దీ తెల్లబడుతుంది కదా, నక్షత్రాలూ అంతే. ఆరుద్ర ఉపరితలం సుమారు 3,500 కెల్విన్లు, మన సూర్యుడిది 5,800, రిగెల్‌ది 12,000.

వెలుగుకూ ఒక కొలత ఉంది, దాని పేరు మాగ్నిట్యూడ్. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. సిరియస్‌ది మైనస్ 1.46, చీకటి బాగా ఉన్నచోట మామూలు కంటికి ఆనే చివరి చుక్కలది 6. మాగ్నిట్యూడ్ 1 ఉన్న చుక్క మాగ్నిట్యూడ్ 6 ఉన్న చుక్క కన్నా సరిగ్గా 100 రెట్లు వెలగాలని 1856లో లెక్క స్థిరపరిచినవాడు నార్మన్ పాగ్సన్. ఆయనే 1861 నుంచి మద్రాసు అబ్జర్వేటరీని నడిపాడు.

ఆరుద్ర వెలుగు 2019 చివర్లో, 2020 మొదట్లో మామూలు కంటికే తెలిసేంతగా పడిపోయింది. పేలిపోతుందేమోనని ప్రపంచమంతా చర్చ నడిచింది. అది వెళ్లగక్కిన ధూళి మేఘమే అడ్డుపడిందని తర్వాత పరిశోధకులు తేల్చారు. ఇలాంటి మహా నక్షత్రం చివరికి సూపర్నోవాగా పేలక తప్పదు. అయితే ఆరుద్రకు ఇంకా లక్ష సంవత్సరాల దాకా వ్యవధి ఉండొచ్చని అంచనా.

దూరాలను కిలోమీటర్లలో చెప్పడం కష్టం. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ వేగంతో సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి 8 నిమిషాలకు పైగా పడుతుంది. ఒక ఏడాదిలో కాంతి వెళ్లే దూరమే కాంతి సంవత్సరం: దాదాపు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. సిరియస్ 8.6, రోహిణి 65, రిగెల్ సుమారు 860 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. అంటే ఈ రాత్రి కనిపించే రిగెల్ వెలుగు కాకతీయుల కాలంలో బయల్దేరింది.

నడుము చుక్కలకు కుడివైపున మసకగా ఒక మచ్చ ఉంటుంది. అది ఒరియన్ నీహారిక. దాదాపు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ వాయువు, ధూళి మేఘంలో ఇప్పటికీ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి.

ఇవన్నీ చూడటానికి టెలిస్కోప్ అక్కర్లేదు. అమావాస్యకు దగ్గరి రోజుల్లో వీధి దీపాలకు దూరంగా వెళ్లండి. ఫోన్ జేబులో పెట్టి, కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నిమిషాలు ఇవ్వండి. ఇంట్లో బైనాక్యులర్ ఉంటే కృత్తిక వైపు తిప్పండి. ఉత్త కంటికి ఆరేడుగా కనిపించిన చుక్కలు డజన్లకొద్దీ కనిపిస్తాయి.