కాల్చి వంచిన డ్రాప్ ఆర్మ్

పోయిన నెల నా బల్ల మీదికి ఒక డ్రాప్ ఆర్మ్ (స్టీరింగు బాక్సు నుంచి కిందికి వేలాడే చెయ్యి) వచ్చింది, రెండు ముక్కలుగా. కంకర క్వారీలో తిరిగే టిప్పరుది. లోడుతో కాటాకి పోతూ నడక వేగంలో ఉన్నప్పుడు విరిగింది కాబట్టి బండి రాళ్ల గుట్టకు ఆనుకుని ఆగింది. డ్రైవరు దిగి బీడీ వెలిగించుకున్నాడట. అరగంట తర్వాత అదే బండి హైవే ఎక్కి ఉండేది. ఓనరు నన్నడిగింది మాత్రం ఒక్కటే: "వంచాక ఆరు నెలలు బ్రహ్మాండంగా నడిచింది సార్, ఉన్నట్టుండి ఎందుకు విరిగింది?"

ఉన్నట్టుండి ఎక్కడ విరిగింది బాబూ, ఆరు నెలలుగా విరుగుతూనే ఉంటే!

జరిగేది అందరికీ తెలిసిందే. లోడు కోసమో, క్వారీ దారిలో అడుగు తగలకూడదనో కమాను కట్టల్లో పట్టీలు పెంచుతారు. బండి లేస్తుంది. లేచిన బండి గతుకు గతుక్కీ పక్కకు లాగుతుంది. మేస్త్రి కిందికి దూరి చూస్తాడు, డ్రాప్ ఆర్మ్ కొసను చక్రం వైపుకు కలిపే డ్రాగ్ లింకు ఏటవాలుగా కనబడుతుంది. గ్యాసు మంట పెట్టి డ్రాప్ ఆర్మ్‌ను ఎర్రగా కాలుస్తాడు, కొసను కిందికి వంచుతాడు, పైన బకెట్టు నీళ్లు గుమ్మరిస్తాడు. "ఇనుమే కదా, కాల్చి వంచితే ఏమవుతుంది? నీళ్లు పోస్తే ఇంకా గట్టిపడుద్ది" అన్న మాట ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు పాకి, ఇప్పుడు ఫోన్లలో వీడియోగా కూడా తిరుగుతోంది. కింద మెచ్చుకోళ్లు. వంచిన బండి ఏడాది తర్వాత ఎలా ఉందో చూపించే వీడియో మాత్రం ఎవరూ పెట్టరు.

ఇనుమే, కానీ కిటికీ ఊచ కాదు. డ్రాప్ ఆర్మ్‌ను సుత్తి దెబ్బల మీద ఫోర్జింగు చేస్తారు, బాగా వేడి చేసి ఒక్కసారిగా చల్లారుస్తారు, మళ్లీ ఓ మోస్తరు వేడి పెట్టి పెళుసుదనం తీసేస్తారు. దెబ్బకు పగలని గట్టితనం ఆ చివరి వేడితోనే వస్తుంది. అది సాధారణంగా ఐదారు వందల డిగ్రీల పని. మీ మేస్త్రి ఎర్రగా కాల్చాడంటే ఏడెనిమిది వందలు దాటించాడన్నమాట. కంపెనీ చేసిన పదును అక్కడితో చెరిగిపోయింది. తర్వాత నీళ్లు పోశాడు. ఆ కాస్త మేర గాజులా పెళుసెక్కింది. పోయకుండా వదిలేసి ఉంటే మెత్తబడేది. ఏ మేర పెళుసు, ఏ మేర మెత్తన అన్నది మంట ఎటు తిరిగిందో దాన్ని బట్టి ఉంటుంది. అంటే ఎవరికీ తెలియదు, మేస్త్రికి అసలు తెలియదు. కొడవలికి పదును పెట్టే కమ్మరిని అడగండి, ఆ కొడవలినే పొయ్యిలో పారేసి తీస్తే గడ్డి కూడా తెగదంటాడు. ఒక ఊరి కమ్మరికి ఉన్న అనుమానం పాతిక లక్షల బండి చేయించుకున్న ఓనరుకు రాకపోవడమే నాకు వింత.

"టెస్టు డ్రైవులో తిన్నగా పోయింది కదా" అంటారు. పోతుంది. బలం తగ్గిన ఉక్కు మొదటి రోజే విరగదు. వంపు లోపలి మడతలో కంటికి ఆనని చీలిక పుడుతుంది. ప్రతి గతుక్కీ, ప్రతి మలుపుకీ వెంట్రుక మందంలో ఏ కొంచెమో ముందుకు జరుగుతుంది. నా బల్ల మీది ముక్క చూస్తే సంగతంతా అందులోనే రాసి ఉంది. విరిగిన ముఖంలో ముప్పాతిక భాగం నల్లబడి నునుపుగా ఉంది. చెరువు ఎండుతున్నప్పుడు గట్టున పడే నీటి గీతల్లా దాని మీద వరసగా గీతలు. మిగిలిన పావు భాగం కలకండ పలుకులా తెల్లగా మెరుస్తోంది. నల్లటిది ఆరు నెలల పని, తెల్లటిది ఆఖరి క్షణంలో తెగిన చోటు. చివరి వారం ఆ బండి స్టీరింగంతా ఆ పావు వంతు ఉక్కు మీదే వేలాడింది. మంట దగ్గరికి వెళ్లిన బాల్ జాయింటు రబ్బరు మాడి, గ్రీజు కారిపోయి ఉందని వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ మేస్త్రికి ఒక న్యాయం చెయ్యాలి, నాకు ఇష్టం లేకపోయినా. "డ్రాప్ ఆర్మ్ కొస కిందికి దిగితే లాగడం తగ్గుతుంది" అనే మాట నిజం. లెక్క చూడండి. డ్రాగ్ లింకు పొడవు 900 మిల్లీమీటర్లు, నేలకు సమాంతరంగా ఉందనుకుందాం. చక్రం గుంతలోకి 100 మిల్లీమీటర్లు దిగితే లింకు చక్రం దగ్గరి స్టీరింగ్ ఆర్మ్‌ను లాగేది ఐదున్నర మిల్లీమీటర్లే. అదే బండిని 100 మిల్లీమీటర్లు లేపాక, లింకు ముందే ఏటవాలుగా ఉన్నప్పుడు, అదే గుంతకు లాగేది దాదాపు 17 మిల్లీమీటర్లు. ఇరుసు ముందూ వెనకా జరిగే లెక్క వదిలేశాను, అయినా గుంత అదే, లాగుడు మూడింతలు. స్టీరింగ్ ఆర్మ్ 200 మిల్లీమీటర్లుంటే చక్రాలు ఐదు డిగ్రీల దాకా వాటంతటవే తిరుగుతాయి. డ్రైవరు చేతిలో స్టీరింగు కదలకుండానే! లింకును మళ్లీ సమాంతరానికి తేవడమే దీనికి మందు. కమాను కట్టల మీద కూర్చునే లారీలో ఎక్కువ దిగుడున్న ఆర్మ్ ఆ పని చేస్తుంది. కాయిల్ స్ప్రింగులూ, ఇరుసును పక్కకు జరగనివ్వని అడ్డ రాడ్డూ ఉన్న జీపుల్లో ఆర్మ్ ఒక్కటే దింపితే ఆ రాడ్డుకీ లింకుకీ పొత్తు చెడి ఇంకా పాడవుతుంది, అది వేరే కథ. మన మేస్త్రి రోగం సరిగ్గానే పట్టాడు. మందు దగ్గరే మంట పెట్టాడు.

మరి సరైన దారేమిటంటే, అదే స్టీరింగు బాక్సుకు, అదే పళ్ల లెక్కకు సరిపోయేలా ఎక్కువ దిగుడుతో ఫోర్జింగయిన ఆర్మ్‌ను కంపెనీ ఇంకో మోడలుకు ఇస్తోందేమో డీలరు దగ్గర పార్టు నంబరుతో అడగండి. దొరికితే వేయించండి, కానీ అక్కడితో పని అయిపోయిందనుకోవద్దు. ఆర్మ్ పొడవు పెరిగితే లింకు జరిగే దూరమూ పెరుగుతుంది, బాక్సు మీద బరువూ పెరుగుతుంది. కాబట్టి చక్రం స్టాపరు బోల్టులు, పవర్ స్టీరింగులో చివరి తిప్పుడుకు ప్రెషరు తగ్గించే వాల్వు మళ్లీ సెట్ చేయించాలి. లేకపోతే ఫుల్ కటింగులో పంపు తన బలమంతా పెట్టి లింకునే వంచుతుంది. దొరక్కపోతే? పట్టీలు తీసేయండి. ఈ మాట ఓనర్లకు నచ్చదని తెలుసు.

మిగతా నమ్మకాలకు ఇంత చోటు అనవసరం. "డ్రాగ్ లింకుకు పైపు అతికిస్తే అసలుకన్నా గట్టి": అతుకు గట్టిదే కావచ్చు, విరిగేది అతుకు పక్కన. "అలైన్‌మెంటు చేయిస్తే సరి": టో సరిచేసే మిషను లింకు వాలును సరిచెయ్యదు. "పవర్ స్టీరింగుంది, ఏ తేడా వచ్చినా అదే చూసుకుంటుంది": అది చూసుకోదు, మీకు తెలియకుండా దాస్తుంది. "ముందు ఇరుసు మీద దిమ్మ పెడితే పట్టీల ఖర్చు మిగులుతుంది": బ్రేకు తొక్కినప్పుడు ఆ దిమ్మ ఎత్తు మీదే కట్ట మెలితిరుగుతుంది, వద్దు. "ఇరుసుకీ కట్టకీ మధ్య వెడ్జి ఎటు పెట్టినా ఒకటే": తిరగేసి పెట్టిన బండి నడిపి చూడండి, మలుపు తర్వాత స్టీరింగు వెనక్కి రాదు.

"బ్రేకు ఇన్‌స్పెక్టరు ఏమీ అనలేదు" అన్నది ఇంకో ధైర్యం. ఆయన అనకపోతే చట్టం మారదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. 2019 సవరణ తర్వాత ఓనరుకు ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు సర్వేయరు మొదట చూసేదీ ఆ నల్లబడ్డ వంపే.

ఇప్పటికే లేపిన బండి మీ దగ్గరుంటే రేపు పొద్దున లోడెక్కకముందు పావుగంట కేటాయించండి. ఇంజను ఆన్‌లో ఉంచి క్లీనరును క్యాబిన్లో స్టీరింగు అటూ ఇటూ చిన్నగా ఊపమనండి, చక్రాలకు చెక్కలు పెట్టి మీరు పక్క నుంచి చూడండి. ఏ జాయింటు దగ్గర కదలిక ఆలస్యమవుతోందో అక్కడ ప్లే ఉంది. ప్రతి నట్టుకూ స్ప్లిట్ పిన్ ఉందా, దాని బదులు మేకు వంచి దూర్చారా చూడండి. పిన్ను రంధ్రానికి నట్టు గాడి కలవకపోతే నట్టు ఇంకాస్త బిగించి కలపాలి, వదులు చేసి కలపకూడదు. కొత్త యూ బోల్టులు వేయించి ఉంటే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. డ్రాప్ ఆర్మ్ మీద నీలం, గోధుమరంగు మచ్చలో, సుత్తి దెబ్బలో, కొత్తగా పూసిన నల్ల పెయింటో కనబడితే విప్పించండి. ఎర్ర డై, తెల్ల డెవలపరు డబ్బాలు పెద్ద ఖరీదు కావు. శుభ్రం చేసి డై పూసి, పైపైది తుడిచేసి డెవలపరు కొడితే చీలిక ఎర్రగీతలా బయటపడుతుంది. గీత రాకపోయినా కాల్చినదాన్ని మళ్లీ బిగించొద్దు.

విప్పిన ఆర్మ్‌ను పాత ఇనుము కొట్టుకు అలాగే అమ్మకండి. ముందు కటింగు మిషనుతో రెండు ముక్కలు చేయించండి, లేకపోతే వచ్చే వారం అది ఇంకో టిప్పరుకు ఎక్కుతుంది.