అరచేతిలో ఇమిడే డీఎన్ఏ యంత్రం

మానవ జన్యుక్రమాన్ని చదవడానికి 1990లో మొదలైన ప్రాజెక్టు 2003 దాకా సాగింది. 2014లో ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ సంస్థ పరిశోధకుల చేతికిచ్చిన మిన్అయాన్ అనే డీఎన్ఏ చదివే యంత్రం (సీక్వెన్సర్) బరువు 100 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే కరెంటు కూడా అక్కడినుంచే తీసుకుంటుంది.

దీని లోపలి సన్నని పొరలో ప్రోటీన్ రంధ్రాలుంటాయి. సూదిలోంచి దారంలా డీఎన్ఏ పోగు వాటిలోంచి జారుతుంటే విద్యుత్ ప్రవాహం మారుతుంటుంది. ఆ మార్పులనే కంప్యూటర్ డీఎన్ఏ అక్షరాలుగా చదువుతుంది, ఒక్కో రంధ్రం దగ్గర సెకనుకు సుమారు 400. ఈ ఆలోచనను శాస్త్రవేత్త డేవిడ్ డీమర్ 1989లోనే తన నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నారు.

యంత్రం ల్యాబుకు రాగానే మొదట పరీక్షించేది లాంబ్డా ఫేజ్ అనే వైరస్ డీఎన్ఏతో. దాని 48,502 అక్షరాలూ ముందే తెలుసు కాబట్టి యంత్రం తప్పు చదివితే దొరికిపోతుంది. అసలు పరీక్ష మాత్రం చేతి నైపుణ్యానికే: పిపెట్‌తో నమూనా పోసేటప్పుడు ఒక్క గాలిబుడగ దూరినా రంధ్రాలు పాడవుతాయి. ఆ రంధ్రాలుండే ఖరీదైన ఫ్లోసెల్ క్షణంలో వృథా!

2015లో గినీలో ఎబోలా వైరస్‌ను అక్కడికక్కడే చదివింది ఇదే. 2016లో వ్యోమగామి కేట్ రూబిన్స్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ దీన్ని నడిపారు. తూర్పు ఆఫ్రికాలో దీనితోనే కర్రపెండలం తెగుళ్లను చేల దగ్గరే గుర్తించారు.

ఆ చివరిది వింటే నా మనసు మరాఠ్వాడాలోని నాందేడ్ కందిచేల మీదికి పోతుంది. మరాఠ్వాడా అయినా తెలంగాణ అయినా, కంది రైతుకు వెర్రి తెగులు సోకితే చెట్టు పచ్చగా ఏపుగా పెరుగుతుంది, పూత మాత్రం రాదు. ఈ తెగులు 1931లో బిహార్‌లోని పూసాలో నమోదైంది. దాన్ని కలిగించే వైరస్ పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో బయటపడేసరికి దాదాపు ఏడు దశాబ్దాలు గడిచాయి. 2011లో ఇక్రిశాట్ నాయకత్వంలో కంది జన్యుక్రమం కూడా వెలువడింది. అందుకు ఎంచుకున్నది ఈ తెగులును తట్టుకునే ‘ఆశ’ రకం.

వెర్రి తెగులు వైరస్ జన్యుపదార్థం ఆర్ఎన్ఏ. నానోపోర్ పద్ధతికి దాన్ని డీఎన్ఏగా మార్చే పని కూడా తప్పనిసరి కాదు, నేరుగానే చదవగలదు. చుట్టూ కందిచేలు ఉన్న నాందేడ్ లాంటి చోట ఈ వైరస్‌ను చేల దగ్గరే చదివే పని జరగాలని నా కోరిక.