డేలియా దుంపల వేసవి కాపుదల

మాఘమాసమున ఇంటి ముంగిట విరిసిన డేలియాపూలను చూచి మెచ్చుకొననివారు లేరు. పళ్ళెరమంత పూవు, ఎరుపు, పసుపు, తెలుపు, ఊదా మున్నగు వన్నెలు, పూవు పూవునకు లెక్కకందని రేకులు. నాలుగు కుండీలలో నిట్టి సొంపు నిండియుండగా ఆ యింటి యిల్లాలికి కలుగు సంతోషము వేరుగ చెప్పనక్కరలేదు. కాని మరుసటి యేడు ఆ మాఘమాసముననే ఆ ముంగిటికి పోయి చూడుడు. కుండీలుండును, మన్నుండును, డేలియాలు మాత్రముండవు. “ఏమైనవమ్మా?” యని యడిగినచో “ఎండలకు పోయినవి” యను మాటయే పలువురి నోట వచ్చును. పిమ్మట మరల సొమ్మిచ్చి మరల దుంపలను తెచ్చుకొనుట, మరల పోగొట్టుకొనుట యేటేట జరుగుచున్న పని.

ఈ నష్టము తప్పనిది కాదని మా యనుభవము. డేలియాను పూయించుట యంత కష్టము కాదు. పూచిన మొక్క దుంపను రోహిణికార్తె దాటించుటయే కష్టము. ఆ సంగతినే యీ నెల సోదరీమణులకు మనవి చేయదలచితిమి.

మాకీ పాఠము తేలికగ రాలేదు. మా పుట్టినిల్లు మదనపల్లె ప్రాంతము. అచ్చట మా తల్లిగారి పెరటిలో తెల్లని డేలియా యొకటి యుండెడిది. రేకుల మొదట లేత పసుపుచాయ గల పూవది. తల్లిగారు గతించిన పిదప ఆ యిల్లు చేతులు మారినది. ఇల్లు విడుచు దినమున మేమా పాదులను త్రవ్వి, మూడు దుంపగుత్తులను గోనెపట్టాలో చుట్టి, కృష్ణాతీరమునగల మా యింటికి తెచ్చుకొంటిమి. ఆ వన్నె పూవు అటుపిమ్మట మాకే తోటలోను, ఏ యంగడిలోను కానరాలేదు. పుట్టింటినుండి మాకు మిగిలిన మొక్క యదియొక్కటే.

మొదటి చలికాలమున మూడును చక్కగ పూచినవి. వేసవి రాగా నేమి చేయవలయునో తెలియక మూడింటిని మూడు విధములుగ నుంచితిమి. ఒకదానిని నేలలోనే విడిచి, ప్రక్కనున్న మల్లెపాదుతోపాటు దానికిని దినదినము నీరు పోసితిమి. వైశాఖమున త్రవ్వి చూడగా దుంపకు మారుగ దుర్వాసన గల జిగురుముద్ద యుండెను. రెండవదానిని పెల్లగించి, ఉల్లిపాయలవలె బుట్టలో పోసి అటకపై నుంచితిమి. అది జ్యేష్ఠమునాటికి శొంఠికొమ్మువలె ముడుచుకొనిపోయెను. మూడవది కుండీలో నుండినది. ఆ కుండీని ఎవరో స్నానపుగది వెనుక నీడకు జరిపి, అచ్చటనే మరచిరి. భాద్రపదమున ఆ కుండీలో రెండు మొలకలు కానవచ్చినవి. అది మేము తెలివితో కాపాడినది కాదు, మరపున మిగిలినది. అది యేల బ్రదికెను, తక్కిన రెండు నేల చచ్చెనని విచారింపగా కాని మాకు డేలియా స్వభావము తెలియలేదు.

డేలియా పుట్టినిల్లు మెక్సికో దేశపు ఎత్తైన కొండసీమలు. 1789వ సంవత్సరమున అది మెక్సికోనుండి స్పెయిను రాజధానియగు మాద్రిదు నగరపు రాజోద్యానమునకు చేరినది. అచ్చటి వృక్షశాస్త్రజ్ఞుడగు కావనిల్యెసు 1791లో దానిని వర్ణించి, స్వీడను దేశస్థుడగు ఆండర్స్ డాల్ అను శాస్త్రజ్ఞుని పేరిట నామకరణము చేసెను. ఆ డాలుగారు 1789లోనే గతించిరి గనుక తమ పేరు పెట్టుకొన్న పూవు లోకమంతయు వ్యాపించుట వారెరుగరు. మెక్సికో దేశమువారు 1963లో దీనిని తమ జాతీయపుష్పముగ ప్రకటించుకొనిరి.

ఆ కొండసీమలలో వానకాలము వేసవియందే వచ్చును. చలికాలము వానలులేక పొడిగ నుండును. వానలు కురియునపుడు మొక్క పెరిగి పూచును. వానలు వెనుకబట్టగనే పైకాడ యెండిపోవును, దుంప మాత్రము నేలలో నిద్రించును. కాబట్టి నీరు లేకుండుట డేలియాకు పుట్టింటి యలవాటే. అలవాటు లేనిది వేడిమి. అచ్చట దుంప నిద్రించు కాలమున నేల చల్లగ నుండును. మన యొద్ద ఆ కాలమున నేల కాగిన పెనమువలె నుండును. శీతలదేశముల స్త్రీలు మంచునకు వెరచి దుంపలను త్రవ్వి నేలమాళిగలలో దాచుకొందురు. మనము ఎండకు వెరచి దాచుకొనవలసియున్నది. వారు కోరు చల్లదనము 4 మొదలు 10 సెంటిగ్రేడు డిగ్రీలవరకు. మన మైదానములలో మే నెలయందట్టి గది దొరకదు. కాని ఎండ తగులకుండ, తడి నిలువకుండ, బొత్తిగ నెండిపోకుండ చూచుట మనచేతిలోని పనియే.

ఇప్పుడు మా మూడు దుంపల కథ తేటపడును. మొదటిది తడియు వేడిమియు కలిసి క్రుళ్ళినది. రెండవది ఎండి చచ్చినది. ఉల్లిపాయకు పొరలున్నవి, పసుపుకొమ్మునకు గట్టి తోలున్నది, డేలియా దుంపకు పలుచని తోలేకాని వేరు రక్షణ లేదు. మూడవదానికి నీడ దొరకినది, చుట్టును మన్నున్నది, స్నానపుగది గోడ చెమ్మ యొకింత తగిలినది. అంతకంటె నది కోరునది లేదు.

ఇక చేయవలసిన విధానమును వరుసగ చెప్పెదము.

పూలున్న కాలముననే ప్రతి మొక్కకును వన్నె వ్రాసిన చిన్న చీటీని దారముతో కట్టవలెను. దుంపలను చూచి వన్నె చెప్పుట యెవరి తరమును కాదు. ఆకులపై పసుపుచారలుపడి, ముడుతలుపడి గిడసబారిన మొక్కను గుర్తించి దాని దుంపను దాచక పారవేయవలెను. అది తెగులు గల మొక్క. పేనుబంక పురుగు దానినుండి తక్కినవానికిని తెగులు నంటించును.

పూలు తగ్గగనే మొక్కను నరికివేయు తొందర కూడదు. ఆకు పచ్చగనున్నంతకాలము దుంపకు బలము చేరుచుండును. పగలు తక్కువగనుండు చలికాలమే దుంప యూరుటకు తగిన కాలము. కావున ఫాల్గుణమున నీరు క్రమముగ తగ్గించుచు రెండుమూడు వారములు వేచియుండవలెను. ఆకులు పండి వాలిన పిమ్మట కాడను ఆరంగుళములు మిగిల్చి కోయవలెను. డేలియా కాడ లోపల గుల్లగనుండును. ఆ గుల్లలో నీరు నిలిచినచో మొదలు క్రుళ్ళును. కోసిన పిదప పాదులో నీరు పోయకుడు.

నేలలోని మొక్కను చైత్రారంభమున త్రవ్వవలెను. కాడకు మూరెడు దూరమున చుట్టును మన్ను వదులుచేసి, క్రిందినుండి యెత్తవలెనేకాని కాడ పట్టి లాగకూడదు. ఇచ్చట నొక ముఖ్యవిషయము కలదు. బంగాళాదుంపకు కన్నులు దుంపపైననే యుండును. డేలియాకట్లు కాదు, కన్నులన్నియు కాడయు దుంపయు కలియు మెడయొద్దనే యుండును. మెడ విరిగిన దుంప యెంత లావుగనున్నను మొలవదు. తెలియనివారు అంగడిలో నట్టి దుంపలనే కొని, మొలకకై కార్తికమంతయు నెదురుచూచుచుందురు.

త్రవ్విన గుత్తిని తలక్రిందుగ నుంచి రెండు మూడు దినములు నీడన ఆరనీయవలెను. ఎండలో పెట్టరాదు. మెత్తబడిన భాగములను కత్తితో కోసి, కోసినచోట గంధకపు పొడి గాని జల్లించిన కట్టెబూడిద గాని అద్దవలెను. పిదప వెడల్పుమూతి గల మట్టికుండ తీసికొని, అడుగున చిల్లపెంకులు వేసి, వానిపై మూడంగుళములు పొడి యిసుక పోసి, గుత్తులు ఒకదానినొకటి తాకకుండ పేర్చి, మరల నిసుకతో కప్పవలెను. ఇసుకకు మారుగ కొబ్బరిపీచు పొట్టైనను మంచిదే. ఎలుకలు పందికొక్కులు రాకుండ కుండమూతికి తీగవల కట్టవలెను. మూత బిగింపరాదు, గాలి తగులవలెను.

ఈ కుండ నుంచు చోటే సగము విద్య. అటకపైన, రేకులకప్పు క్రింద, వంటగదిలో, పడమటి గోడయొద్ద నుంచరాదు. ఉత్తరపు వసారా గాని, త్రాగునీటికుండ నుంచు మూల గాని మేలు. నీటికుండ ప్రక్క నేల యెప్పుడును చల్లగ నుండును. కుండ క్రింద రెండిటుకలుంచినచో చెమ్మ నేరుగ నంటదు.

కుండీలలో పెంచినవారికి పని మరింత సులభము. కాడ కోసి, కుండీనట్లే నీడకు జరిపి, పది పదునైదు దినములకొకసారి గుప్పెడు నీరు అంచువెంబడి చిలుకరించిన చాలును. వేసవిలో వచ్చు గాలివాన ఆ కుండీలో పడకుండ చూచుకొనవలెను.

పక్షమున కొకసారి దుంపను చేతితో తాకి చూడవలెను. గట్టిగనున్నచో విడిచిపెట్టుడు. తోలు ముడుతలు పడినచో ఇసుకపై కొలదిగ నీరు చల్లుడు. మెత్తగనుండి వాసన వచ్చినచో దానిని వెంటనే తీసివేసి, చుట్టునున్న యిసుకను మార్చుడు. ఈ పరీక్షకు పట్టు కాలము పావుగంట. కృత్తిక, రోహిణి కార్తెలలో వారమునకొకసారి చూచుట మంచిది.

దుంపలను రిఫ్రిజిరేటరులో దాచవచ్చునా యని యడుగువారున్నారు. దుంపలు కొలదిగనే యున్నచో కొబ్బరిపీచు పొట్టును చేతికి చెమ్మ తెలిసీ తెలియనట్లు తడిపి, దానిలో చుట్టి, రంధ్రములు గల సంచిలో నుంచి, కూరగాయల అరలో పెట్టవచ్చును. ఉత్తగ పెట్టినచో లోపలి పొడిగాలికి ముడుచుకొనును. మంచుపట్టు చోట పెట్టినచో చచ్చును. పండిన పండ్ల ప్రక్కన పెట్టుటయు మంచిది కాదు.

మృగశిర రాగానే చల్లబడినదని సంతసించి వెంటనే నాటరాదు. ఆ వానలకు దుంప క్రుళ్ళును. శ్రావణ భాద్రపదములలో మెడయొద్ద మొలకలు కానవచ్చును. అప్పుడు గుత్తిని చూరు క్రింద నొక కుండీలో ఇసుకయు మన్నును కలిపి నిలిపి, మొలక బెత్తెడు పెరిగిన పిమ్మట కణుపు క్రింద కోసి, తడియిసుకలో గ్రుచ్చినచో రెండుమూడు వారములలో వేరు పట్టును. ఒక గుత్తినుండి ఇట్లు నాలుగైదు మొక్కలు సులభముగ పొందవచ్చును. లేనిచో గుత్తిని ముక్కలుగ కోయవచ్చును. ప్రతి ముక్కకును ఒక కన్నుండవలెననుట మరువరాదు. తెలంగాణమున సెప్టెంబరు చివరను, తుపానులు వచ్చు కోస్తాసీమలో పెద్దవానలు తగ్గిన పిదపను మడిలో నాటవచ్చును. ఊతకర్రను మొక్కతోపాటే పాతవలెను. తరువాత పాతినచో కర్ర దుంపను చీల్చును.

మా మిగిలిన యొక్క దుంపనుండి రెండవయేట నాలుగు మొక్కలైనవి, మూడవయేట పండ్రెండైనవి. అంతట మాకు గర్వము కలిగినది. ఆ వేసవిలో శుభకార్యమునకై ఊరికి పోయి నెలదినములు నిలిచిపోయితిమి. తిరిగి వచ్చి చూడగా వసారా మీది రేకు జారి, వానధార కుండలోనికే పడుచుండెను. ఒక్క దుంపయు దక్కలేదు. తల్లిగారి పూవింక చూడమని యనుకొని ఆ రాత్రి భోజనము చేయలేకపోయితిమి. మరునాడు మా వదినగారు కబురు పంపిరి. అంతకు ముందటి యేడు వారికొక చిన్న మొక్కనిచ్చిన సంగతి మేము మరచియుంటిమి. వారు దానిని నీళ్ళకుండ మూలన దాచి, రెండు దుంపలుగ కాపాడియుండిరి. ఒకటి మాకు పంపిరి.

కావున సోదరీమణులకు మా కడపటి మనవి యిది. ఎంత జాగ్రత్తగ దాచినను ఒక యింటి వేసవి యొకప్పుడు చెడిపోవును. మీకు ప్రియమైన వన్నె దుంపనొకదానిని ఫాల్గుణముననే పొరుగింటికో, ఆడపడుచు ఇంటికో పంపుడు. వారి వన్నెనొకదానిని మీరు తెచ్చుకొనుడు. ఇనుపపెట్టెలో దాచినదానికంటె, నలుగురి యిండ్ల దాచిన దుంపకే ఆయువు హెచ్చు. మా తల్లిగారి తెల్లని డేలియా నేడు ఏడిండ్లలో పూచుచున్నది. ఈ యేడు మా కుండలో నేమి జరిగినను మాకు భయము లేదు.