అడ్రినలిన్ చుట్టూ అల్లుకున్న అపోహలు

ఫర్నేసు వేడి, సి షిఫ్టు నిద్రలేమి తెలిసిన ఊరు విశాఖ స్టీల్‌ప్లాంటు టౌన్‌షిప్ ఉక్కునగరం. బీపీ, టెన్షన్ మాటల వెంట అడ్రినలిన్, డోపమైన్ కూడా ఇక్కడి టీకొట్టు కబుర్లలోకి వచ్చేశాయి. అపోహలూ వెంటే వచ్చాయి.

అపోహ: భయం వేసిన క్షణంలో శరీరం అడ్రినలిన్ తయారుచేస్తుంది.

వాస్తవం: ఆ క్షణంలో జరిగేది ప్రధానంగా విడుదల. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల లోపలి పొర అడ్రినలిన్‌ను ముందే చేసి, కంటికి కనిపించని సంచుల్లో నిల్వ ఉంచుతుంది. నరం నుంచి కబురు రాగానే అది రక్తంలో కలుస్తుంది. స్టాక్‌యార్డులో లారీకి లోడు ఎత్తడం వేరు, ప్లాంటులోని గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ ఫర్నేసుల్లో ఇనుము తీయడం వేరు. ఇదీ అంతే.

ఖాళీ అయిన నిల్వ నింపాలంటే ఎంజైములు కావాలి. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని డోపాగా మార్చే టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ వాటిలో మొదటిది. నగత్సు బృందం 1964లో దాన్ని కనుగొంది. తయారీ వేగమంతా దాని చేతిలోనే ఉంది. డోపా నుంచి డోపమైన్, దాన్నుంచి నార్‌అడ్రినలిన్, చివరికి అడ్రినలిన్ పుడతాయి. నరం పదేపదే కబురు పంపితే, ఆ ఎంజైము జన్యువు ముందుభాగంలో ఉండే క్రెబ్ అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేటు తగులుకుంటుంది. దాంతో కణం ఆ జన్యువును జోరుగా చదువుతుంది. ఏ జన్యువును ఎప్పుడు, ఎంత చదవాలో తేల్చే ఇలాంటి ప్రొటీన్లే ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు. కొత్త ఎంజైము పోగుపడడానికి గంటలు పడుతుంది.

అపోహ: కంగారు, కోపం జీన్లలో రాసిపెట్టి ఉంటాయి. ఏమీ చేయలేం.

వాస్తవం: జన్యువు అదే ఉన్నా, దాన్ని చదివే మోతాదు మారుతుంది. ఎలుకలను ఒక్కసారి ఒత్తిడికి గురిచేసినప్పుడు టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ జన్యువు పని పెరిగి, మళ్లీ తగ్గింది. అదే ఒత్తిడి రోజూ పెడితే పెరుగుదల ఎక్కువకాలం నిలిచింది. ఎలుకల ఫలితాన్ని షిఫ్టు కార్మికుడికి ఉన్నదున్నట్టు అంటగట్టలేం. కానీ ‘నా రక్తమే అంత’ అని చేతులెత్తేయడానికి మాత్రం ఆధారం లేదు.

అపోహ: స్టెరాయిడ్లకూ అడ్రినలిన్‌కూ సంబంధం లేదు.

వాస్తవం: నాకు ఈ కథలో అన్నిటికంటే అందంగా తోచేది ఈ సంబంధమే. నార్‌అడ్రినలిన్‌ను అడ్రినలిన్‌గా మార్చే ఎంజైము పీఎన్‌ఎమ్‌టీ. అడ్రినల్ బయటి పొరను నడిపించే పిట్యుటరీ గ్రంథిని తీసేసిన ఎలుకల్లో అది పడిపోవడం, స్టెరాయిడ్ ఇస్తే తిరిగి పెరగడం వుర్ట్‌మన్, యాక్సెల్‌రాడ్ 1960ల్లో చూపించారు. అడ్రినల్ బయటి పొర చేసే కార్టిసాల్ అనే స్టెరాయిడ్ రక్తం వెంట లోపలి పొరకు చేరి, కణంలోని తన గ్రాహకాన్ని అంటుకుంటుంది. ఆ గ్రాహకమే ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్‌గా మారి పీఎన్‌ఎమ్‌టీ జన్యువును మేల్కొలుపుతుంది.

అపోహ: దూలగొండి పొడి మూలికే కదా, డోపమైన్ పెంచి హుషారునిస్తుంది, హాని ఉండదు.

వాస్తవం: దూలగొండి గింజల్లో ఎల్‌-డోపా, అంటే పైన చెప్పిన డోపాయే, ఉంది. దామోదరన్, రామస్వామి 1937లో మద్రాసులో దాన్ని వేరుచేశారు. పార్కిన్సన్స్ రోగులకు డాక్టర్లు రాసే మందు కూడా అదే పదార్థం. శరీరం ఎంతో జాగ్రత్తగా అదుపు చేసుకునే టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ మెట్టును ఇది దాటేస్తుంది. తిన్న డోపాకు ఆ కట్టడి వర్తించదు. వికారం, లేచి నిలబడితే బీపీ పడిపోవడం, భ్రాంతులు రావచ్చు. పొడిలో డోపా ఎంత ఉందో చూసి చెప్పలేం. బీపీకి గానీ, మానసిక వ్యాధికి గానీ మందులు వాడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా దాన్ని ముట్టుకోవద్దు.