రోకలిబండ ఒంట్లో గాదె

పిల్లలూ! తొలకరి వాన పడ్డ మర్నాడు తుర్కయంజాల్ చెరువు వైపు వెళ్లి చూశారా? అంత దూరం ఎందుకు, మీ బడి ప్రహరీ పక్కన తడిసిన మట్టిని చూసినా చాలు. ఎర్రగా, గోధుమరంగులో, నల్లగా రోకలిబండలు పాకుతుంటాయి. పుల్లతో తాకగానే చక్రంలా చుట్టుకుంటాయి. నిన్నటిదాకా ఒక్కటీ కనిపించలేదు. చలి ముదిరేసరికి మళ్లీ మాయమవుతాయి. మరి మిగతా నెలలు ఎక్కడుంటాయి? ఏం తిని బతుకుతాయి?

మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. మట్టిలో, రాళ్ల కింద, చెట్ల వేళ్ల మధ్య చెమ్మ ఉన్నచోటికి దిగి ముడుచుకు పడుకుంటాయి. రెండో ప్రశ్నకు జవాబు వాటి ఒంట్లోనే ఉంది. దాని పేరు కొవ్వు దేహం.

ఎక్కడ ఉంటుంది?

రోకలిబండ కీటకం కాదు, జెర్రికి దాయాది. దీనికి సహస్రపాది అనే పేరున్నా, మన చుట్టూ కనిపించే వాటికి వెయ్యి కాళ్లుండవు. వెయ్యి దాటిన జాతి ఒక్కటే ఇంతవరకు శాస్త్రజ్ఞులకు దొరికింది. ఆస్ట్రేలియాలో నేల లోతున దొరికిన ఆ జీవికి 1,306 కాళ్లున్నాయని 2021లో ప్రకటించారు.

దీని శరీరాన్ని గొట్టంలో గొట్టంగా ఊహించుకోండి. బయటి గొట్టం సున్నపు లవణాలతో గట్టిపడిన పెంకు. లోపలి గొట్టం ఆహారనాళం. రెండింటి నడుమ ఉన్న ఖాళీయే రక్తకుహరం. అందులో రక్తం అవయవాలను నేరుగా తడుపుతూ ప్రవహిస్తుంది. ఆ ఖాళీలోనే తెల్లటి మెత్తని తునకలుగా, ఆహారనాళం చుట్టూ, ఇతర అవయవాల మధ్య, పెంకు అడుగున అల్లుకుని ఉంటుంది కొవ్వు దేహం. ఇలా పరచుకోవడంలో ఒక లాభం ఉంది. దాని కణాలకు రక్తం ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది. కావలసినవి రక్తంలోంచి తీసుకోవచ్చు, అవసరమైనప్పుడు తిరిగి ఇవ్వవచ్చు.

గాదెలో ఏమున్నాయి?

సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ కణాలు కిక్కిరిసిన కొట్టుగదుల్లా ఉంటాయి. కొవ్వు బిందువులు, గ్లైకోజెన్ రేణువులు, ప్రోటీన్లు వాటిలో నిండి ఉంటాయి. గ్లైకోజెన్ జేబులోని చిల్లర వంటిది, తొందరగా ఖర్చు పెట్టుకోవచ్చు. కొవ్వు బ్యాంకులో దాచిన సొమ్ము వంటిది. ఒక గ్రాము పిండిపదార్థం 4 కిలోకేలరీల శక్తినిస్తే, గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. పైగా గ్రాము కొవ్వు శరీరంలో పూర్తిగా దహనమైతే సుమారు గ్రాము నీరు కూడా పుడుతుంది. చుక్క వాన లేని రోజుల్లో ఇది చిన్న లాభమా!

కొవ్వు అన్న పేరే ఉన్నా దీని పని కొవ్వుతో ఆగదు. యూరిక్ ఆమ్లం వంటి వ్యర్థాలనూ, కొన్ని ఖనిజాలనూ రేణువులుగా తనలో దాచుకుంటుంది. మన శరీరంలో కొవ్వు, కాలేయం పంచుకునే పనులు ఇక్కడ చాలావరకు ఒకే కణజాలం చేస్తుంది. బొద్దింక వంటి కీటకాల్లోనూ కొవ్వు దేహం ఉంది. వాటి గుడ్లలోని సొనకు కావలసిన ప్రోటీన్ అక్కడే తయారవుతుంది.

కుబుసం విడిచే వేళ

పిల్ల రోకలిబండ గుడ్డులోంచి వచ్చేటప్పుడు సాధారణంగా దానికి మూడు జతల కాళ్లే ఉంటాయి. కుబుసం విడిచినప్పుడల్లా కొత్త ఖండితాలు, కొత్త కాళ్లు చేరతాయి. ఆ సమయంలో అది మట్టిలో చిన్న గది కట్టుకుని దాక్కుంటుంది. ఒళ్లు మెత్తగా ఉంటుంది, తిండి తినదు. కొత్త పెంకుకు కావలసిన సరుకూ శక్తీ ముందుగా దాచుకున్న నిల్వల నుంచే రావాలి. చాలా జాతులు విడిచిన కుబుసాన్ని తినేసి సున్నాన్ని తిరిగి రాబట్టుకుంటాయి. ఎంత పొదుపో చూడండి!

గాదె నిండాలంటే?

రైతు గాదె పంటతో నిండుతుంది. రోకలిబండ గాదె రాలిన ఆకుతో, కుళ్లిన చెక్కతో నిండుతుంది. అదీ తేమ ఉన్న కొద్ది నెలల్లోనే నిండాలి. తిన్న ఆకును అది పొడిపొడి చేసి మట్టిలో విడిచిపెడుతుంది. మిగిలిన పని బాక్టీరియా, శిలీంధ్రాలు పూర్తిచేస్తాయి. నేల సారవంతమవుతుంది.

కానీ సాగర్ రోడ్డుకు ఇరువైపులా ఎన్నో పొలాలు ప్లాట్లయ్యాయి. మిగిలిన చెట్ల కింది ఆకును కూడా ఊడ్చి తగలబెడుతున్నాం. ఆకు లేకపోతే గాదె నిండదు. గాదె నిండకపోతే ఎండాకాలం గడవదు. అందుకే ఆకులకు అగ్గిపుల్ల గీసేముందు ఒక్క క్షణం ఆగండి. ఒక మూల కుప్పగా పోయండి, ఎరువూ అవుతుంది.

రోకలిబండ ఇంట్లోకి వస్తే ఉప్పు, కిరోసిన్ పోయకండి. అది కరవదు. చీపురుతో చేటలోకి తీసి చెట్టు కింద వదిలేయండి. చేత్తో మాత్రం పట్టుకోకండి. అది విడిచే ద్రవం చర్మానికి మరకలు చేస్తుంది, కళ్లకు తగిలితే మండుతుంది. పొరపాటున తాకితే సబ్బుతో చేతులు కడుక్కోండి.

చేసి చూడండి

జూన్‌లో మీ బడి ఆవరణలో ఒక మూల ఎండుటాకులు కుప్పగా వేయండి. వారానికొకసారి పుల్లతో మెల్లగా కదిపి, ఎన్ని రోకలిబండలున్నాయో లెక్కించండి. తేదీ, వాన పడిందా లేదా, లెక్క ఎంత, అన్నీ నోటుపుస్తకంలో రాయండి. డిసెంబరు దాకా ఆపకండి. ఏ వారం ఒక్కటీ కనిపించలేదో గుర్తుపెట్టండి. నేల కింద అవి తమ గాదె తలుపు తీసే రోజులు అప్పటికి మొదలైనట్లే!