కోబాల్ట్ లేని బ్యాటరీ: ఐఐటీ హైదరాబాద్ కార్బన్ సెల్ మన ఫోన్‌లోకి వస్తుందా?

మన ఫోన్ బ్యాటరీలో వాడే కోబాల్ట్‌లో ఎక్కువ భాగం ఒక్క కాంగో గనుల నుంచే వస్తుంది. అది లేకుండానే 5 వోల్ట్‌ల సెల్ చేసి చూపించింది ఐఐటీ హైదరాబాద్‌లోని ప్రొఫెసర్ సురేంద్ర కుమార్ మార్థ టీమ్. 2021లో బయటికొచ్చిన దీని పేరు డ్యూయల్ కార్బన్ బ్యాటరీ.

ఎలా పనిచేస్తుంది?
రెండు ఎలక్ట్రోడ్లూ కార్బన్ ఫైబర్ మ్యాట్‌లే. ఛార్జింగ్ పెడితే లిథియం అయాన్లు ఒక మ్యాట్‌లోకి, ఎలక్ట్రోలైట్‌లోని నెగటివ్ అయాన్లు రెండో దాంట్లోకి దూరతాయి. వాడేటప్పుడు రెండూ బయటికొచ్చేస్తాయి.

మరి ఫోన్‌లోకి?
ఇప్పట్లో కష్టమే. ఇది కిలోకి 100 వాట్-అవర్లు ఇస్తే, ఫోన్ సెల్స్ సుమారు 250 ఇస్తాయి. కానీ ఇంట్లో ఓ మూల పెట్టే బ్యాటరీకి బరువుతో పనేముంది? ఆలంపూర్ లాంటి ఎండ మండే ఊళ్లలో పగటి సోలార్ కరెంట్‌ని రాత్రికి దాచుకోవాలంటే ఇలాంటి సెల్స్ ఉపయోగపడొచ్చు.