తెరమీది యుద్ధం: ఒంటరిగా ఒక కథ, గుంపులో ఒక పోటీ

తెరమీది లోకాన్ని ఒక సైనికుడి కళ్లతోనే చూస్తూ, అతని చేతులూ ఆయుధమూ తప్ప శరీరం కనిపించకుండా ఆడే వీడియో ఆటలను ఫస్ట్ పర్సన్ షూటర్లు అంటారు. వాటిలో సైన్యాలనూ యుద్ధరంగాలనూ నేపథ్యంగా తీసుకున్నవి సైనిక షూటర్లు. వీటిని ఆడే పద్ధతులు ప్రధానంగా రెండు. ఆటగాడు ఒక్కడే కంప్యూటరు నడిపే శత్రువులతో తలపడుతూ ఒక కథను మొదటి నుంచి చివరి దాకా నడిపిస్తే అది సింగిల్ ప్లేయర్. నెట్‌వర్కు ద్వారా కలిసిన మనుషులు జట్లుగానో, ఎవరికి వారుగానో ఒకరితో ఒకరు తలపడితే అది మల్టీప్లేయర్. ఆడేవారి సంఖ్యతో మొదలయ్యే ఈ తేడా ఆటలోని కాలాన్నీ, మరణానికి ఉండే అర్థాన్నీ, చివరకు ఆట వెనుక ఉన్న వ్యాపారాన్నీ మార్చివేస్తుంది.

ఈ తేడాను గమనించడానికి తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఒకరైన 16 బిహార్ రెజిమెంటు కమాండింగ్ అధికారి కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు సూర్యాపేటకు చెందినవారే అయినా, చదువుకున్నది ఉత్తరాంధ్రలో, 1962లో విజయనగరం రాజుల కోట భవనంలో ఏర్పడిన కోరుకొండ సైనిక పాఠశాలలో. 2021 గణతంత్ర దినోత్సవానికి ముందురోజు ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించారు. ఆ మరునాడే, జనవరి 26న, బెంగళూరుకు చెందిన ఎన్‌కోర్ గేమ్స్ గల్వాన్ లోయ నేపథ్యంతో ‘ఫౌజీ’ అనే మొబైల్ ఆటను విడుదల చేసింది.

విడుదలైన నాడు ఫౌజీలో ఉన్నది సింగిల్ ప్లేయర్ కథ ఒక్కటే. అందులో సైనికుడు వెనుకనుంచి కనిపిస్తాడు కాబట్టి కచ్చితంగా చెప్పాలంటే అది ఫస్ట్ పర్సన్ ఆట కాదు, తుపాకులు లేవు కాబట్టి షూటర్ కూడా కాదు. వాస్తవాధీన రేఖకు 2 కిలోమీటర్ల లోపల ఏ పక్షమూ కాల్పులు జరపరాదని 1996లో భారత్, చైనా ఒప్పందం చేసుకున్నాయి. గల్వాన్‌లోనూ ఘర్షణ రాళ్లతో, కర్రలతో, ఇనుప రాడ్లతోనే జరిగింది. చరిత్రలోని ఈ పరిమితిని కథ గౌరవించింది. అయితే ఆ ఏడాదే తరువాత చేర్చిన టీమ్ డెత్‌మ్యాచ్‌లో, అంటే ఎదుటి జట్టువారిని ఎక్కువసార్లు పడగొట్టిన జట్టు గెలిచే పోటీలో, తుపాకులు వచ్చాయి. 2025 జనవరిలో విడుదలైన ‘ఫౌజీ: డామినేషన్’ నాటికి ఆ పేరు పూర్తిగా జట్ల పోటీగా సాగే ఫస్ట్ పర్సన్ షూటర్‌కు చెందిపోయింది. కథ ఉన్నప్పుడు స్థలం చరిత్రకు కట్టుబడి ఉండవలసి వచ్చింది. పోటీ వచ్చేసరికి ఇరుజట్లకూ సమానమైన దారులూ చాటులూ ఉండడమే ముఖ్యమైంది.

సింగిల్ ప్లేయర్‌లో ఆటగాడి ఎదుట ఉన్నది ఒక రచయిత ముందుగా అమర్చిన లోకం. శత్రు సైనికుడికి గస్తీ తిరగడం, అలికిడి వింటే అనుమానించడం, కనిపిస్తే దాడి చేయడం, దెబ్బ తగిలితే చాటుకు పోవడం వంటి కొన్ని స్థితులను ముందే నిర్ణయించి, ఏ కారణంతో ఒక స్థితినుంచి మరొక స్థితికి మారాలో నియమాలు రాస్తారు. ఆ నియమాలను పసిగట్టడమే ఆటగాడి నేర్పు. రెండువేల సంవత్సరం తరువాతి తొలి దశాబ్దంలో మన పట్టణాల ఇంటర్నెట్ సెంటర్లలో కుర్రవాళ్లు విరగబడి ఆడిన ‘ప్రాజెక్ట్ ఐజీఐ’ ఇందుకు మంచి ఉదాహరణ. నార్వేకు చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ 2000లో తెచ్చిన ఈ ఆటలో మల్టీప్లేయర్ లేదు. మిషన్ మధ్యలో ఆటను భద్రపరచుకొనే వీలు కూడా లేదు కాబట్టి, చివరి గేటు దగ్గర ప్రాణం పోయినా మళ్లీ మొదటినుంచి రావలసిందే. 2003లో వచ్చిన రెండవ భాగంలోనే దానికి మల్టీప్లేయర్ చేరింది.

మనుషుల మధ్య పోటీ అప్పటికే పాతబడిన విషయం. 1993లో వచ్చిన ‘డూమ్’ నలుగురిని ఒకే నెట్‌వర్కులో కలిపి డెత్‌మ్యాచ్ అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది. ఇద్దరు అభిమానులు మరో ఆటకు మార్పులు చేసి 1999లో తయారుచేసిన ‘కౌంటర్ స్ట్రైక్’ను మరుసటి ఏడాది వాల్వ్ సంస్థ స్వయంగా విడుదల చేసింది. కథ లేని ఈ ఆటలో ఒక జట్టు బాంబు పెట్టాలి, రెండవది ఆపాలి. అవే కొద్దిపాటి మైదానాల్లో జనం ఏళ్ల తరబడి ఆడుతున్నా విసుగు పుట్టకపోవడానికి కారణం, నియమాలకు కట్టుబడిన యంత్రానికి బదులు ఓటమినుంచి నేర్చుకొనే మనిషి ఎదురుగా ఉండడమే.

ఈ రెండు పద్ధతులూ ఒకే పెట్టెలో ఎంత వేరుగా ఉండగలవో 2007 నాటి ‘కాల్ ఆఫ్ డ్యూటీ 4: మోడరన్ వార్‌ఫేర్’ చూపింది. దాని కథలో ఆటగాడు నడిపించే సైనికుల్లో ఒకడు అణు విస్ఫోటనం తరువాత కూలిన హెలికాప్టరునుంచి బయటికి పాకి, కొద్దిసేపటికే చనిపోతాడు; ఎంత నేర్పరి ఆడినా ఆ మరణం తప్పదు, ఎందుకంటే అక్కడ యుద్ధం వ్యక్తి చేతిలో లేదని చెప్పడమే రచయిత ఉద్దేశం. అదే ఆట మల్టీప్లేయర్‌లో పడిపోయిన సైనికుడు క్షణాల్లో మళ్లీ లేచి వస్తాడు, ప్రతి గెలుపుకూ పాయింట్లు చేరి 55 మెట్లుగా హోదా పెరుగుతుంది. ఒకచోట మరణం విషాదం, మరొకచోట లెక్కలో ఒక అంకె.

మల్టీప్లేయర్‌కు మరొక కనిపించని పాత్రధారి నెట్‌వర్కు. కూర్మనాథుడి ఆలయంతో ప్రసిద్ధమైన శ్రీకూర్మంలో ఒక ఆటగాడు ఫోన్‌లో ట్రిగ్గర్ నొక్కాడనీ, ఆట నడిపే సర్వర్ ముంబైలో ఉందనీ అనుకుంటే, వాటి మధ్య దూరం గీత గీసినట్టు కొలిచినా సుమారు 1,170 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి వెళ్లిరావడానికే కనీసం 12 మిల్లీసెకన్లు పడుతుంది. మెలికలు తిరిగే కేబుల్ మార్గం, మధ్యలోని యంత్రాలు, టవర్ మీది రద్దీ కలిస్తే అది ఎన్నో రెట్లవుతుంది. పింగ్ అని పిలిచే ఈ ఆలస్యాన్ని సర్దడానికి, కాల్పు సమాచారం అందగానే సర్వర్ కాలాన్ని కొద్దిగా వెనక్కి తిప్పి, ఆ ఆటగాడి తెరమీద శత్రువు ఎక్కడ కనిపించాడో లెక్కగట్టి తీర్పు చెబుతుంది. గోడ చాటుకు చేరిన తరువాత కూడా దెబ్బ తగిలిందని ఆటగాళ్లు విసుక్కోవడానికి తరచు కారణం ఇదే. ఫోన్‌లోనే మొత్తం నిక్షిప్తమైన సింగిల్ ప్లేయర్ ఆటకు సిగ్నల్‌తో పనిలేదు.

అయినా ఫోన్లలో మల్టీప్లేయర్‌దే పైచేయి కావడానికి ప్రధాన కారణం ఆర్థికం. ఎంతో ఖర్చుతో తయారయ్యే కథ కొన్ని గంటల్లో పూర్తవుతుంది. పోటీ మాత్రం ముగిసిన ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది. అందువల్ల ఆటను ఉచితంగా ఇచ్చి, స్కిన్‌లు అనే దుస్తుల, ఆయుధాల అలంకారాలను అమ్మి సంస్థలు ఆదాయం పొందుతాయి. వందమందిని ఒక దీవిలో దింపి చివరికి మిగిలినవారిని విజేతలుగా ప్రకటించే పబ్జీ మొబైల్ ఈ పద్ధతిలోనే దేశమంతా వ్యాపించింది. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో అదొకటి. భారత్ కోసం 2021 జూలైలో వచ్చిన దాని రూపం బీజీఎంఐ 2022 జూలైలో ఆగి, 2023 మేలో తిరిగివచ్చింది. సర్వర్ మీద ఆధారపడిన ఆట అధికారుల ఉత్తర్వుతోనో, సంస్థ నిర్ణయంతోనో ఒక్కరోజులో మాయం కాగలదు. ఐజీఐ మాత్రం సీడీ ఉన్నంత కాలం, దాన్ని నడిపే కంప్యూటరు ఉన్నంత కాలం ఆడుకోవచ్చు.

సైన్యంలో చేరడం ఒక గౌరవంగా, ఒక జీవనోపాధిగా కూడా కొనసాగుతున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో, ఇటువంటి ఆట సైనిక శిక్షణకు ఎంతవరకు దగ్గర అన్న ప్రశ్న సహజం. భర్తీ పరీక్షలో 1.6 కిలోమీటర్ల పరుగు తీయించే సైన్యానికి కావలసిన ఊపిరినీ, ఓర్పునూ ఏ తెరా ఇవ్వదు. జట్టుతో మాట్లాడుతూ పని పంచుకోవడం మల్టీప్లేయర్‌లో కొంత అలవడవచ్చు. యుద్ధానికి చెల్లించే మూల్యాన్ని ఊహించడం, రచయిత నిజాయితీగలవాడైతే, సింగిల్ ప్లేయర్ కథలో సాధ్యం.

ఇంటి పెద్దలకు ఈ విభజన తెలిసి ఉండడంలో ఆచరణాత్మకమైన లాభం కూడా ఉంది. భోజనానికి పిలిస్తే సింగిల్ ప్లేయర్ ఆటను అక్కడే నిలిపి రావచ్చు. అరగంట సాగే మల్టీప్లేయర్ మ్యాచ్‌ను నిలపడం ఎవరి చేతిలోనూ లేదు, మధ్యలో లేస్తే జట్టు నష్టపోతుంది. పిల్లవాడు ఎన్ని గంటలు ఆడుతున్నాడని మాత్రమే అడిగే పెద్దలు, ఏ పద్ధతిలో ఆడుతున్నాడో, ఎదురుగా ఉన్నది యంత్రమో అపరిచితులో కూడా అడిగితే, నిషేధానికీ నిర్లక్ష్యానికీ మధ్య ఒక తెలివైన ఏర్పాటుకు దారి దొరుకుతుంది.